రెండు లోన్ ఫైళ్లు, ఒక చెరువు

ప్రశ్న: "బ్యాంకు రిస్క్ విభాగంలో కొత్తగా చేరాను. వాతావరణ మార్పు, ప్రకృతి నష్టం మన వ్యాపారాన్ని ఎలా తాకుతాయో నోట్ రాయమన్నారు. వాతావరణం వరకు కాస్త అర్థమవుతోంది. కానీ తేనెటీగలకీ, చిత్తడి నేలలకీ బ్యాలెన్స్ షీటుతో ఏం సంబంధం? మా మేనేజర్ గారు ఇదంతా ప్రచారం కోసమే అంటున్నారు. నిజంగా ముప్పేనా, ఫ్యాషనా?"

మీ మేనేజర్ గారి మాటలో సగం నిజముంది. ఈ విషయం మీద వచ్చే రిపోర్టుల్లోంచి ఆకుపచ్చ అట్టలు, దోసిట్లో మొలక ఫొటోలు తీసేస్తే మిగిలేది చాలాసార్లు పది పేజీలు కూడా ఉండదు. అయితే రిపోర్టులు బాగోలేనంత మాత్రాన రిస్కు లేకుండా పోదు. నేను మొదట ఏడేళ్లు బీమా కంపెనీలో నష్టాలు అంచనా వేసే పని చేశాను, ఆ తర్వాత పదమూడేళ్లు బ్యాంకులో క్రెడిట్ రిస్కు చూశాను. ఈ సంగతి నాకు ఏ రిపోర్టు చదివితేనో అర్థం కాలేదు. రెండు లోన్ ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు అర్థమైంది. ముందు అది చెప్తాను.

అట్టపెట్టెలకి కాగితం తయారు చేసే మిల్లు ఒకటి విస్తరణ కోసం పన్నెండేళ్ల టర్మ్ లోన్ అడిగింది. ఫైలు మందంగా ఉండేది. యంత్రాల విలువ, ఐదేళ్ల లెక్కలు, ప్రమోటర్ల వ్యక్తిగత పూచీ, స్థలం తనఖా పత్రాలు, ఫైర్ పాలసీ అన్నీ ఉన్నాయి. కాగితం మిల్లు అంటేనే నీళ్లు. గుజ్జు కలిపే తొట్టి నుంచి చివరి రోలర్ దాకా నీళ్లు లేనిదే ఒక్క షీటు బయటికి రాదు. అంత లావు ఫైల్లో నీళ్ల గురించి ఉన్నది ఒక్క లైను: "నీటి వసతి: కలదు." పక్కన టిక్కు. ఆ టిక్కు పెట్టింది నేనే.

నాలుగో ఏడు వానలు తగ్గాయి. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. కొన్నాళ్లు ట్యాంకర్లతో లాగారు, తర్వాత ఒక షిఫ్టు ఆపేశారు, ఆ తర్వాత వాయిదాలు తప్పడం మొదలైంది. చివరికి ఖాతా మొండి బకాయిల్లో చేరింది. చూసి రమ్మని నన్ను పంపితే, అక్కడ పాత ఫోర్‌మన్ ఒకాయన అన్నాడు: "పదేళ్ల కింద ఇంతకంటే పెద్ద కరువొచ్చింది సార్. అప్పుడు మిల్లు ఒక్క రోజు కూడా ఆగలేదు." మరి ఇప్పుడేమైందని అడిగితే ఎగువ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఒక చెరువుండేదట. ఈ బోర్లన్నీ దాని ఊటతోనే నిండేవట. ఈమధ్యే దాన్ని పూడ్చి గోదాములు కట్టారు. ఆ గోదాములకి లోన్ ఇచ్చింది మా బ్యాంకే, వేరే బ్రాంచి. ఆ ఫైలూ తెప్పించి చూశాను. అదీ నీట్‌గానే ఉంది. విడివిడిగా చూస్తే రెండూ మంచి ఫైళ్లే. ఒకటి రెండోదాన్ని ముంచింది, అంతే.

కరువు వాతావరణం కొట్టిన దెబ్బ, చెరువు పోవడం ప్రకృతి వైపు నుంచి తగిలిన దెబ్బ. ఏదో ఒక్కటే అయితే మిల్లు తట్టుకునేది. రెండూ కలిసేసరికి గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఆ రోకలి కొనుక్కోవడానికి అప్పిచ్చింది కూడా మనమే. మీ నోట్‌లో ఇంకేం రాసినా, ఈ రెండు ఫైళ్లు ఒకదానికొకటి తెలియవన్న సంగతి మాత్రం తప్పకుండా రాయండి. మిగతావన్నీ దీనికి పెద్ద సైజు రూపాలే.

ప్రపంచం మొత్తం మీద చూసినా ఇదే లెక్క. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు సగాన్ని అడవులు, నేల, సముద్రాలు కలిసి పీల్చుకుంటున్నాయి, ఎవరికీ బిల్లు పంపకుండా. అమెజాన్ అడవి ఆగ్నేయ భాగం మాత్రం పీల్చుకునేదానికంటే వదిలేదే ఎక్కువైందని విమానాల్లోంచి తీసిన కొలతలతో 2021లో తేలింది. తీరాల్లో మడ అడవులు లేకపోతే ప్రపంచవ్యాప్తంగా వరద నష్టం ఏటా 6,500 కోట్ల డాలర్లకు పైగా పెరిగేదని 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే అడవిని నరికితే ఒకవైపు తుఫాను బలం పెరుగుతుంది, ఇంకోవైపు దానికి అడ్డునిలిచే గోడ కూలుతుంది. వాతావరణానికి ఒక టేబుల్, ప్రకృతికి ఇంకో టేబుల్ వేసి, ఇద్దరు వేరువేరు ఆఫీసర్లతో నింపించే బ్యాంకుల్లో ఈ కలయిక ఎవరి టేబుల్లోనూ పడదు.

వాతావరణం వైపు మీకు తెలుసన్నారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 2015 సెప్టెంబరులో, అప్పటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ లండన్‌లో లాయిడ్స్ బీమా మార్కెట్ వాళ్ల ముందు చేసిన ప్రసంగంలో మూడు దారులు చెప్పారు. వరదలు, తుఫాన్లు, కార్చిచ్చుల వల్ల నేరుగా వచ్చే నష్టం ఒకటి. బొగ్గు, చమురు నుంచి ప్రపంచం మళ్లేటప్పుడు చట్టాలు, టెక్నాలజీ మారి ఉన్న ఆస్తులకి విలువ పోవడం రెండోది. నష్టపోయినవాళ్లు కారకుల మీద దావాలు వేయడం మూడోది. ఇప్పుడు అందరూ రాసే నోట్లలో ఈ మూడే తిరుగుతుంటాయి. అదే ప్రసంగంలో ఆయన చెప్పిన గడువుల సంగతి నాకు ఇంతకంటే ముఖ్యం అనిపిస్తుంది. ద్రవ్య విధానం చూసే దూరం రెండు మూడేళ్లు. ఆర్థిక స్థిరత్వం చూసేవాళ్లది మహా అయితే పదేళ్లు. అసలు నష్టం వచ్చేది ఆ తర్వాత.

బీమాలో పనిచేసినవాడిగా ఆ గడువుల తేడాని నేను ఇంకా దగ్గరగా చూశాను. బీమా పాలసీకి పన్నెండు నెలలు. ఇంటి లోన్‌కి ఇరవై, ముప్పై ఏళ్లు. తాకట్టు ఆస్తికి ఎప్పుడూ బీమా ఉండాలని లోన్ పత్రంలో షరతు రాస్తాం, ఫైల్లో మొదటి ఏడాది పాలసీ కాపీ పెట్టి నిశ్చింతగా ఉంటాం. బీమా కంపెనీకి పదేళ్ల తర్వాతి వాతావరణంతో పనిలేదు. వచ్చే పన్నెండు నెలల లెక్క సరిపోతే చాలు. లెక్క కుదరని ఏడు "ఇక మావల్ల కాదు" అని లేచి వెళ్లిపోతుంది. బ్యాంకు అలా లేవలేదు. మిగతా ఇరవై తొమ్మిదేళ్ల రిస్కు బ్యాంకు ఒళ్లోనే ఉంటుంది, ఎవరూ దానికి ధర కట్టకపోయినా.

ఇది ఊహ కాదు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాని కొట్టినప్పుడు 11 బీమా కంపెనీలు మునిగిపోయాయి. అప్పటిదాకా పాత నష్టాల సగటు చూసి ప్రీమియం లెక్కగట్టేవాళ్లు. కంప్యూటర్ మోడళ్లు, విపత్తు బాండ్లు (విపత్తు వస్తే పెట్టుబడిదారుల డబ్బు నష్టం పూడ్చడానికి పోయే బాండ్లు) వాడుకలోకి వచ్చింది ఆ దెబ్బ తర్వాతే. 2023 మేలో కాలిఫోర్నియాలో అన్నిటికంటే పెద్ద గృహబీమా కంపెనీ స్టేట్ ఫామ్ కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. కట్టుబడి ఖర్చులు, పెరుగుతున్న విపత్తులు, పునర్బీమా (బీమా కంపెనీలు తమ కోసం చేయించుకునే బీమా) ఖరీదు కారణాలుగా చెప్పింది. ఇప్పుడు గొలుసు చూడండి. బీమా లేని ఇంటికి లోన్ రాదు. లోన్ రాని ఇంటిని కొనేవాళ్లు తగ్గుతారు. కొనేవాళ్లు తగ్గితే ధర పడుతుంది, ధర పడితే ఇప్పటికే ఇచ్చిన లోన్లకి తాకట్టు విలువ తరిగిపోతుంది. ఇంటి పన్ను మీద నడిచే మున్సిపాలిటీల బాండ్లు కూడా నీరసిస్తాయి. ఇదంతా జరగడానికి తుఫాను వచ్చి తీరాలని లేదు. బీమా కంపెనీ నుంచి ఒక్క ఉత్తరం చాలు.

కాలిఫోర్నియాలోనే ఇంకొకటి. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే విద్యుత్ కంపెనీ కథ ప్రతి క్రెడిట్ ఆఫీసరూ ఒకసారి చదవాలి. 2018 నవంబరు 8న దాని హైటెన్షన్ టవరు మీద దాదాపు వందేళ్లుగా అరిగిపోతున్న ఒక ఇనుప కొక్కెం తెగి తీగ జారింది. నిప్పురవ్వలు ఎండిన గడ్డి మీద పడ్డాయి. పారడైజ్ అనే పట్టణం దాదాపుగా కాలిపోయింది, 85 మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది కార్చిచ్చులతో కలిపి కంపెనీ మీద పడే భారం 3,000 కోట్ల డాలర్లు దాటవచ్చని అంచనా వచ్చింది. 2019 జనవరి 29న దివాలా పిటిషన్ వేసింది. కొద్ది నెలల ముందు దాకా దాని బాండ్లకి పెట్టుబడి యోగ్యమన్న రేటింగే ఉంది. కొక్కెం అరుగుదల కంపెనీ నిర్లక్ష్యం. 2020లో 84 నరహత్య అభియోగాల్లో నేరం ఒప్పుకుంది కూడా. కానీ అదే కొక్కెం తడి అడవి మీద తెగి ఉంటే లోకల్ పేపర్లో చిన్న వార్త అయ్యేది. ఏళ్ల తరబడి ఎండిన అడవి, ఆలస్యమైన వానలు, బలమైన గాలులు కలిసి దాన్ని దివాలాగా మార్చాయి. ఆ మంటకే మర్సిడ్ అనే చిన్న బీమా కంపెనీ కూడా బలైంది. దాని ఆస్తులు 2.3 కోట్ల డాలర్లు. ఒక్క పారడైజ్‌లోనే చెల్లించాల్సింది దాదాపు 6.4 కోట్లు.

సరే, తేనెటీగల దగ్గరికి వద్దాం. దానికంటే ముందు చేపలు.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరం కాడ్ చేపకి పేరు. శతాబ్దాలుగా పట్టారు. పెద్ద ట్రాలర్లు వచ్చాక అందినకాడికి ఊడ్చేశారు. 1992 జులై 2న ప్రభుత్వం వేట ఆపేసింది. రెండేళ్లకే అని చెప్పింది. దాదాపు 30 వేల మందికి పని పోయింది. ఆ నిషేధాన్ని అధికారికంగా ఎత్తేసింది 2024లో. రెండేళ్లనుకున్నది ముప్పై రెండేళ్లైంది. ఇప్పుడు ఆ ఊళ్లలో ఏదో ఒక బ్యాంకు బ్రాంచిలో మీరు ఉన్నట్టు ఊహించుకోండి. తాకట్టులో పడవ ఉంది, చెక్కుచెదరలేదు. చేపలు శుభ్రం చేసే ప్లాంటు ఉంది, కొత్త యంత్రాలే. వాటికి బీమా ఉంది, కానీ ఏమీ కాలలేదు, మునగలేదు కాబట్టి క్లెయిమ్ లేదు. వేలం వేద్దామంటే చేపలు లేని చోట పడవ ఎవరు కొంటారు? తాకట్టు విలువ పడవలో లేదు, నీళ్లలో ఉంది. ఆ చేపలు ఏ ఫైల్లోనూ లేవు.

ఇందులో వాతావరణ మార్పు పాత్ర కంటే మనిషి అత్యాశ పాత్రే పెద్దది. అందుకే ఈ ఉదాహరణ ఎంచుకున్నాను. ప్రకృతి రిస్కు అంటే వాతావరణ రిస్కుకి తోక కాదు, దానంతట అదే బ్యాంకుని ముంచగలదు.

దీన్ని మొదట గట్టిగా లెక్క తీసింది నెదర్లాండ్స్ కేంద్ర బ్యాంకు, 2020లో. అక్కడి బ్యాంకులు, పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీల పెట్టుబడుల్లో 1.4 లక్షల కోట్ల యూరోలని పరిశీలించి, అందులో 36 శాతం, అంటే 51,000 కోట్ల యూరోలు, ప్రకృతి చేసే ఏదో ఒక సేవ మీద గట్టిగా ఆధారపడిన కంపెనీల్లో ఉన్నాయని తేల్చింది. మీ తేనెటీగలు ఇందులోనే ఉన్నాయి. పరాగ సంపర్కం మీద ఆధారపడిన ఉత్పత్తుల వ్యాపారంలో ఉన్న పెట్టుబడి 2,800 కోట్ల యూరోలు. తర్వాత యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 42 లక్షల కంపెనీలని చూసి, యూరో ప్రాంతపు కార్పొరేట్ లోన్లలో దాదాపు 75 శాతం ఇలా ఆధారపడినవాళ్ల చేతుల్లోనే ఉన్నాయని 2023లో చెప్పింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ అంకెలు నోట్‌లో పెట్టగానే మీ మేనేజర్ గారు "అయితే 75 శాతం లోన్లు మునిగిపోతాయా?" అని వెటకారం చేస్తారు. ఆయన వెటకారం న్యాయమే. ఆధారపడటం వేరు, నష్టపోవడం వేరు. ప్రపంచ జీడీపీలో సగానికి పైగా ప్రకృతి మీద ఆధారపడి ఉందని 2020 నుంచి ప్రతి సెమినార్లోనూ చెప్తుంటారు. విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, మిగతా సగం గాలి పీల్చకుండా బతుకుతోందా అని. ఆ అంకెలు ఎటువైపు చూడాలో చెప్తాయి, ఎంత పోతుందో చెప్పవు. ఎంత పోతుందో తెలియాలంటే ఒక చోటికి, ఒక నదికి, ఒక ఫైలుకి దిగాల్సిందే.

రైన్ నది చూడండి. 2018 శరదృతువులో జర్మనీలోని కౌబ్ దగ్గర నీటి కొలత 25 సెంటీమీటర్లకి పడిపోయింది. నది లోతు అంతేనని కాదు, పడవల వాళ్లు సరుకు ఎంత ఎక్కించాలో చూసుకునే గేజ్ అది. బార్జిలు పావు లోడుతో, అంతకంటే తక్కువతో నడిచాయి. నది ఒడ్డున ఉన్న రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్ ఆ ఏడు తనకి 25 కోట్ల యూరోల దెబ్బ తగిలిందని చెప్పింది. ఫ్యాక్టరీకి ఏమీ కాలేదు. గుమ్మం ముందు నది చిక్కిపోయింది.

పనామా కాలువ కూడా అంతే. ఓడలు దాటేది సముద్రపు నీటితో అనుకుంటారు చాలామంది. కాదు, గాటున్ అనే మంచినీటి చెరువుతో. ఒక్కో ఓడ దాటినప్పుడు దాదాపు 20 కోట్ల లీటర్లు సముద్రంలోకి పోతాయి. ఆ చెరువు నిండేది చుట్టూ అడవుల మీద పడే వానతోనే. 2023లో వానలు తప్పాయి. రోజుకి 36 ఓడలు వెళ్లే చోట డిసెంబరుకల్లా 22కి కుదించారు. క్యూ తప్పించుకోవడానికి ఒక కంపెనీ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు కట్టింది, మామూలు టోల్ కాక. ఆ కరువుకి ప్రధాన కారణం ఎల్ నినో. దాన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేసేసి రాయొద్దు, ఎవరైనా పట్టుకుంటే నోట్ మొత్తం పరువు పోతుంది. కానీ బ్యాంకుకి కారణం కంటే గొలుసే ముఖ్యం. వాన, అడవి, చెరువు, ఓడ, సరుకు, ఆ సరుకు మీద ఇచ్చిన లోన్.

బ్యాంకింగ్‌లో మొదట నేర్పేది, అప్పులన్నీ ఒకే రంగానికి ఇవ్వొద్దు, పంచమని. పంచుతాం. జౌళికి కొంత, విద్యుత్తుకి కొంత, రసాయనాలకి, ఇళ్లకి, హోటళ్లకి కొంత. పట్టిక చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఆ పది రంగాలూ ఒకే నది నీళ్లు తాగుతున్నాయని పట్టికలో కనపడదు. నది ఎండితే పదీ ఒకేసారి వాయిదా తప్పుతాయి. మామూలు మాంద్యంలో కొన్ని రంగాలు పడితే కొన్ని నిలబడతాయి, కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తే మళ్లీ లేస్తాయి. వడ్డీ తగ్గిస్తే వాన పడదు కదా. 2011లో థాయిలాండ్ వరదలప్పుడు బీమా ప్రపంచానికి ఇదే అనుభవమైంది. హార్డ్ డిస్కులు, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలు ఒకే పల్లపు ప్రాంతంలో గుమికూడి ఉన్నాయని మునిగాక గానీ చాలామందికి తెలియలేదు. ఒక్క లాయిడ్స్ మార్కెట్టే 220 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ నష్టం పూడ్చుకోవడానికి పునర్బీమా కంపెనీలు రేట్లు పెంచితే, ఎక్కడో వేరే ఖండంలో ఉన్నవాడి ప్రీమియం కూడా పెరుగుతుంది. వరద వాడి గుమ్మం దాకా రాలేదు, బిల్లు వచ్చింది.

ఇప్పటిదాకా ప్రకృతి బ్యాంకుకి ఏం చేస్తుందో చెప్పాను. బ్యాంకు ప్రకృతికి ఏం చేస్తోందన్నది రెండో సగం. మీ మేనేజర్ గారు ఇది ఎన్జీవోల గోల అంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను, గోదాముల ఫైలు చూసేదాకా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2023 లెక్క ప్రకారం ప్రకృతికి నేరుగా హాని చేసే పనుల్లోకి ఏటా దాదాపు 7 లక్షల కోట్ల డాలర్లు వెళ్తున్నాయి. ప్రకృతి ఆధారిత పరిష్కారాల మీద పెడుతున్నది 20,000 కోట్లు. ఒకటికి ముప్పై ఐదు. ఆ 7 లక్షల కోట్లలో ప్రభుత్వాల సబ్సిడీలూ ఉన్నాయి. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలన్నీ కూర్చుని, హానికర సబ్సిడీలని 2030కల్లా ఏటా 50,000 కోట్ల డాలర్ల మేర తగ్గిస్తామని రాసుకున్నాయి. రాసుకున్నాయి వరకు నిజం. ఈ లెక్కలో వింతేమిటంటే, చెరువు పూడిస్తే వచ్చే లాభం గోదాము యజమాని ఖాతాలో పడుతుంది, నష్టం మాత్రం వందమంది ఖాతాల్లో కొంచెం కొంచెంగా పడుతుంది. ఆ వందమందిలో ఎక్కువమంది ఏదో ఒక బ్యాంకు కస్టమర్లే.

దేశాల అప్పుల దగ్గర ఇది ఇంకా కటువుగా ఉంటుంది. తుఫాన్ల దారిలో ఉన్న చిన్న దేశం ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తుంది. ఆ వడ్డీ కట్టాక కరకట్టలకి డబ్బు మిగలదు, కరకట్ట లేనందుకు తర్వాతి తుఫానుకి నష్టం పెరుగుతుంది, మళ్లీ అప్పు. దీనికి మందుగా విపత్తు బాండ్లు వచ్చాయి. జమైకాది ప్రపంచ బ్యాంకు ద్వారా తీసిన 15 కోట్ల డాలర్ల బాండు. 2024 జులైలో బెరిల్ తుఫాను దేశాన్ని గట్టిగానే కొట్టింది, కానీ ఒప్పందంలో రాసుకున్నంతగా గాలి పీడనం పడిపోలేదు, పైసా రాలేదు. 2025 అక్టోబరులో మెలిస్సా వచ్చింది, ఐదో కేటగిరీ. మొత్తం 15 కోట్లూ వచ్చాయి. నష్టం కాదు, బారోమీటర్ చెప్పినదే లెక్క. దాన్ని మోసం అనను, షరతులు ముందే తెలిసినవే. కానీ దీన్ని బీమా అనుకుని నిద్రపోయే ఆర్థిక మంత్రికి మాత్రం ఒక రాత్రి మెలకువ తప్పదు.

అప్పు తగ్గించి బదులుగా సముద్రాన్ని కాపాడే ఒప్పందాలు నాకు కాస్త నచ్చుతాయి. 2021లో బెలీజ్ 55.3 కోట్ల డాలర్ల బాండుని డాలరుకి 55 సెంట్ల చొప్పున తిరిగి కొనేసి, తన సముద్ర జలాల్లో 30 శాతానికి రక్షణ కల్పిస్తానని మాటిచ్చింది. మెక్సికో తీరంలో పగడపు దిబ్బకి బీమా చేయించారు. 2020లో డెల్టా తుఫాను తర్వాత ఆ డబ్బుతో ఈతగాళ్లు దిగి, విరిగిన పగడపు ముక్కల్ని ఏరి మళ్లీ అతికించారు. చిన్న మొత్తాలే, కానీ ఏం కొన్నారో కంటికి కనపడుతుంది. అడవి నరకనందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ల మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. "నరికేవాళ్లం, నరకలేదు" అనే మాటకి రుజువేది?

కొలత విషయంలో మీకు టెన్షన్ తప్పదు. కార్బన్‌కి టన్ను ఉంది. ఇక్కడి టన్ను, అక్కడి టన్ను ఒకటే. ప్రకృతికి అలాంటి కొలబద్ద లేదు. ఈ చిత్తడి నేల పోయి వేరే చోట అంతే నేల వచ్చినా మా మిల్లు బోరుకి ఉపయోగం లేదు. అందుకే 2023 సెప్టెంబరులో, ప్రకృతి రిస్కుని కంపెనీలు ఎలా వెల్లడించాలో చెప్పే అంతర్జాతీయ బృందం టీఎన్‌ఎఫ్‌డీ ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి మెట్టే, మీ వ్యాపారం ప్రకృతిని ఎక్కడ తాకుతోందో ఆ చోటు గుర్తించమని. వాతావరణం వైపు టీసీఎఫ్‌డీ అనే అలాంటి బృందమే 2017లోనే సిఫార్సులు ఇచ్చింది, ఇప్పుడు అవి అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల సంస్థ తెచ్చిన వెల్లడి ప్రమాణాల్లో ఎస్2 పేరుతో కలిశాయి. ప్రకృతి వైపు ఆరేళ్లు ఆలస్యం. మీ నోట్‌లో ఆ ఆలస్యం ఒప్పుకుంటే తప్పు లేదు.

మోడళ్ల సంగతి కూడా చెప్పాలి. కేంద్ర బ్యాంకుల కూటమి ఎన్‌జీఎఫ్‌ఎస్, 2017 డిసెంబరులో ఎనిమిది సంస్థలతో మొదలైంది, ఇప్పుడు 140 దాటింది. బ్యాంకులు ఒత్తిడి పరీక్షలకి (గడ్డుకాలం వస్తే తట్టుకోగలమా అని వేసుకునే లెక్కలకి) దాని అంచనాలే వాడతాయి. 2024 నవంబరు అంచనాల్లో భవిష్యత్ నష్టాలు బాగా పెరిగాయి, అదే ఏడు నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆధారంగా. తీరా చూస్తే ఉజ్బెకిస్తాన్ డేటాలో తప్పు ఫలితాన్ని బాగా లాగేసిందని బయటపడింది, 2025 డిసెంబరులో ఆ పేపర్నే ఉపసంహరించారు. దీన్ని చూపించి "అంతా బోగస్" అనేవాళ్లు ఇప్పుడు దొరుకుతారు. నా అనుభవంలో చాలా మోడళ్లు రెండో వైపుకే తప్పుతాయి, నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తాయి. ఎందుకంటే వాటిలో చెరువు ఉండదు. ఉష్ణోగ్రత పెరిగితే జీడీపీ ఎంత తగ్గుతుందని చూస్తాయి గానీ, తగ్గకుండా పట్టుకుని ఉన్న అడవి మధ్యలో మాయమైతే ఏమవుతుందని చూడవు. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు ఉన్న ఏ అంచనానీ నమ్మకండి.

రాజకీయ గాలి కూడా మారింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2020 డిసెంబరులో ఎన్‌జీఎఫ్‌ఎస్‌లో చేరి 2025 జనవరిలో బయటికి వచ్చేసింది. తామిచ్చే అప్పుల వల్ల వెలువడే కార్బన్‌ని నికరంగా సున్నాకి తెస్తామన్న బ్యాంకుల కూటమి, 2021లో ఆర్భాటంగా మొదలైన నెట్ జీరో బ్యాంకింగ్ అలయన్స్, పెద్ద బ్యాంకులు ఒక్కొక్కటే జారుకున్నాక, 2025 అక్టోబరులో మూతపడింది. "ఫ్యాషన్" అని మీ మేనేజర్ గారు అన్నది ఈ భాగం వరకు అక్షరాలా నిజమే. బోర్డులు దించేశారు. రిస్కు మాత్రం దిగలేదు.

ఇక మీ పని. వంద పేజీల నోట్ రాయకండి. మీ పుస్తకంలో పెద్ద ఇరవై లోన్లు తీసుకోండి. కంపెనీ హెడ్డాఫీసు అడ్రసు కాదు, పని జరిగే చోటు మ్యాపు మీద పెట్టండి. చాలా బ్యాంకుల దగ్గర ఆ అడ్రసే ఉండదు, ఆ ఒక్క సంగతి బయటపెట్టినా మీ నోట్ సార్థకమే. తర్వాత ప్రతిదానికీ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, అవే నీళ్లు ఇంకెవరు తోడుతున్నారు, ఎగువన గత పదేళ్లలో ఏం మారింది అని అడగండి. బీమా కాపీ ఒక్కటి కాకుండా గత ఐదేళ్ల ప్రీమియం, ఏటా పెరిగిన మినహాయింపులు వరుసగా రాయించండి. ప్రీమియం ఏటా ఎగబాకుతుంటే అది మీకు ఉచితంగా దొరికిన వాతావరణ మోడల్. చివరగా, చుట్టుపక్కల మీ బ్యాంకే ఇంకా ఎవరికి అప్పిచ్చిందో చూడండి. ఇరవైలో మా మిల్లూ గోదాముల్లాంటి జంటలు రెండు మూడు దొరక్కపోతే నాకు ఆశ్చర్యమే.

మా దగ్గర ఆ మిల్లు తర్వాత ఫారం మార్చారు. "నీటి వసతి: కలదు" పోయి నాలుగు ప్రశ్నలు వచ్చాయి. మొదటి ఏడాది ఆఫీసర్లు నాలుగింటికీ "కలదు" అనే రాశారు, అది వేరే సంగతి.

గోదాముల లోన్ ఏమైందని అడుగుతారేమో. అది చెరువు కడుపులో కట్టిన కట్టడం కదా, మూడో వానాకాలంలో నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూ వచ్చాయి. నడుం లోతు నిలిచి, సరుకంతా నానిపోయింది. బీమా కంపెనీ క్లెయిమ్ పూర్తిగా చెల్లించింది, పేచీ పెట్టలేదు. మరుసటి ఏడు పాలసీ రెన్యూ చేయలేదు. ఆ లోన్ తీరడానికి అప్పటికి ఇంకా తొమ్మిదేళ్లుంది.